భోజనం తర్వాత అరగంట నడవమన్నారు: డైట్ చార్టులు రాసేవారికి ఒక బహిరంగ లేఖ

పోషకాహార నిపుణులకు, డైట్ సలహాలిచ్చే డాక్టర్లకు, ఆసుపత్రుల్లో, హాస్టళ్లలో, సంరక్షణ కేంద్రాల్లో ఎవరు ఏం తినాలో నిర్ణయించేవారికి,

నమస్కారం.

నా దగ్గర రెండు పేజీల డైట్ చార్టు ఒకటి ఉంది. మీలో ఒకరు ఇచ్చిందే. ఎవరని గానీ, ఏ ఆసుపత్రి అని గానీ చెప్పను. ఆవిడ చెడ్డమనిషేమీ కాదు. ఆ రోజు గది బయట చాలా మంది కూర్చుని ఉన్నారు, నాకు దొరికింది ఆరు నిమిషాలు. చార్టులో పొద్దున్న ఏం తినాలి, మధ్యాహ్నం ఏం తినాలి అని పద్ధతిగా గళ్లు గీసి ఉంది. కింద మూడు సూచనలు ఉన్నాయి. రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగాలి. పీచు పదార్థం బాగా పెంచాలి. భోజనం అయ్యాక అరగంట నడవాలి.

ఆ కాగితం ఇచ్చేటప్పుడు నేను ఆవిడ ఎదురుగా చక్రాల కుర్చీలో ఉన్నాను. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని పదకొండేళ్లయింది. నడవను. నా వేళ్లు కాగితాన్ని కూడా పట్టుకోలేవు, మా అక్క అందుకుని నా ఒళ్లో పెట్టింది. ఇంటికొచ్చాక ఇద్దరం ఆ మూడో సూచన చదివి పడీపడీ నవ్వుకున్నాం. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ మూడింట్లో నవ్వి ఊరుకోదగ్గది అదొక్కటే. మిగతా రెండూ నిజంగానే నన్ను ఇబ్బంది పెట్టాయి.

అందుకే ఈ ఉత్తరం. నేను ఒక్కణ్నే రాయడం లేదు. నెలకోసారి కలుసుకునే గుంపు ఒకటి ఉంది మాకు. చూపు లేనివాళ్లు, మెదడు దెబ్బతిని కండరాల అదుపు తప్పే సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లు, ఆటిజం ఉన్న పిల్లల తల్లులు, నాలాంటి వెన్నుపాము వాళ్లు. కలిసినప్పుడల్లా తిండి మాట రాకుండా ఉండదు. వింటూ వింటూ నాకు అర్థమైంది ఒక్కటే. మీరు మమ్మల్ని ఎప్పుడూ ఏం తింటున్నారని అడుగుతారు. ఎంత తింటున్నారని అడుగుతారు. ఎలా తింటున్నారని మాత్రం అడగరు. ఎవరు పెడుతున్నారు, ఎంతసేపు పడుతోంది, మింగుడు పడుతోందా, తిన్నాక తాగాక టాయిలెట్‌కి ఎవరు తీసుకెళ్తారు, ఈ ప్రశ్నలు మీ ఫారాల్లో లేవు. మా తిండి నడిచేదేమో వీటి మీదే.

ముందు నీళ్ల సంగతి చెప్తాను, ఎందుకంటే బయటికి కనిపించనిది ఇదే.

మా గుంపులో దాదాపు అందరూ నీళ్లు తక్కువ తాగుతారు. తాగాలని తెలియక కాదు. బయటికెళ్లే రోజైతే పొద్దున లేచిన దగ్గర్నుంచి నోరు తడుపుకోవడమే తప్ప తాగడం ఉండదు. ఎందుకంటే వెళ్లిన చోట కుర్చీ పట్టే టాయిలెట్ ఉంటుందో ఉండదో. ఉన్నా దాని తలుపు లోపలికి తెరుచుకుంటే కుర్చీ లోపల ఉండగా మూసుకోదు. ఒక అమ్మాయి ఆఫీసులో ఉద్యోగం చేస్తుంది, కుర్చీలోంచి లేపి కూర్చోబెట్టడానికి ఒక మనిషి సాయం కావాలి. ఎనిమిది గంటలు ఎవర్నీ అడగలేక చుక్క నీళ్లు ముట్టకుండా పని చేసి, ఇంటికొచ్చాక ఒకేసారి లీటరు తాగుతుంది. ఆ అమ్మాయికి మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. వచ్చినప్పుడల్లా డాక్టరు చెప్పేది ఒకటే మాట, నీళ్లు ఎక్కువ తాగమ్మా అని. ఆ మాట ఆమెకు తెలియనిదా?

నా సంగతి ఇంకో రకం. నాకు మూత్రాశయం నిండినట్టు తెలియదు, తనంతట తాను ఖాళీ అవదు. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి క్యాథెటర్, అంటే సన్నటి గొట్టం, పెట్టి మూత్రం తీయాలి. ఒకసారి తీసేది 500 మిల్లీలీటర్లు దాటకూడదని నాకు నేర్పారు. దాటితే మూత్రాశయం సాగిపోతుంది, మూత్రం కిడ్నీల వైపు వెనక్కి తన్నే ప్రమాదం ఉంది. ఇప్పుడు చిన్న లెక్క వేయండి. రోజుకు ఐదుసార్లు తీస్తే రెండున్నర లీటర్లు. అందుకే క్యాథెటర్ వాడేవాళ్లకు రోజుకు సుమారు రెండు లీటర్లు, అదీ రోజంతా కొద్దికొద్దిగా సర్ది తాగమని చెప్తారు. మీ చార్టు ప్రకారం మూడు లీటర్లు తాగిన మొదటి వారంలోనే నాకు ఒక రాత్రి తల పగిలిపోయేంత నొప్పి, ముఖమంతా చెమటలు, బీపీ ఆకాశానికి. వెన్నుపాము ఛాతీ ఆరో పూస స్థాయిలో గానీ ఆ పైన గానీ దెబ్బతింటే ఇలా జరుగుతుంది. మూత్రాశయం నిండినా, పేగు నిండినా శరీరం దాన్ని చెప్పలేక బీపీని ఎగదోస్తుంది. దీనికి ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా అని పేరు. ప్రాణం మీదికి వస్తుంది. అక్క లేచి క్యాథెటర్ పెట్టింది కాబట్టి సరిపోయింది.

పీచు కథ కూడా దాదాపు ఇంతే. మలబద్ధకం అనగానే పీచు పెంచమంటారు, మామూలు పేగుకు అది మంచి మాటే. నరాల అదుపు తప్పిన పేగు వేరు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు తవుడు ఇచ్చి చూసిన అధ్యయనం ఒకటి 1996లో వచ్చింది. పీచు పెంచాక మలం పెద్దపేగులో కదలడానికి ఇంకా ఎక్కువ సమయం పట్టింది. అంటే పీచు వద్దని కాదు. తక్కువతో మొదలుపెట్టి, మనిషిని బట్టి, కొన్ని వారాలు చూసుకుంటూ పెంచాలి. నాకు టాయిలెట్ పని ముగియడానికి గంట పైనే పడుతుంది, రోజు విడిచి రోజు, ఒకరి చేతి సాయంతో. నా భోజనంలో ఏ చిన్న మార్పు చేసినా అది ముందు ఆ గంట మీద పడుతుంది. అక్క పనివేళల మీద పడుతుంది. మీరు ఆ చార్టు రాసింది నాకొక్కడికే అనుకుంటారు గానీ, మా ఇంట్లో అది ఇద్దరికీ చార్టే.

ఇక ముద్ద దగ్గరికి వద్దాం.

మొదటి ఏడాది నాకు పూర్తిగా ఒకరు తినిపించేవారు. ఇప్పుడు అరచేతికి పట్టీ కట్టి అందులో చెంచా దూరిస్తే సగం భోజనం నేనే తింటాను. ఈ పట్టీ గురించి నాకు చెప్పింది రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్ట్. అప్పటికే నలుగురు డైటీషియన్లను కలిశాను, ఒక్కరూ చెప్పలేదు. పిడి లావుగా ఉన్న చెంచాలు, జారిపోకుండా కింద అతుక్కునే మ్యాట్, ఆహారం బయటికి పోకుండా అంచు ఉన్న పళ్లెం, ముక్కుకు తగలకుండా ఒకవైపు కోసి ఉన్న కప్పు, ఒక్క చేత్తో ఊపి కోసే కత్తి. ఇవి ఖరీదైన యంత్రాలేం కావు. ఆ కోసిన కప్పు ఎందుకో తెలుసా? మామూలు గ్లాసులో చివరి గుక్క తాగాలంటే తల వెనక్కి వంచాలి. తల వెనక్కి వంగితే గాలి గొట్టం దారి తెరుచుకుంటుంది, నీళ్లు అటు పోతాయి. కప్పుకు ఆ కోత ఉంటే తల వంచే పనే ఉండదు.

తినిపించుకోవడం ఎలా ఉంటుందో మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. చిన్నప్పుడు అందరూ తినిపించుకునే ఉంటారు గానీ ఎవరికీ గుర్తుండదు. పెద్దయ్యాక ఒకరి చేతి వేగానికి మన నోరు సరిపెట్టుకోవడం వేరే పని. తినిపించే మనిషి నిలబడి ఉంటే మన తల పైకెత్తాలి, అంటే మళ్లీ ఆ గాలి గొట్టం సమస్యే. ఫోన్‌లో మాట్లాడుతూ తినిపిస్తే నోట్లో ముద్ద ఉండగానే ఇంకో ముద్ద పెదాల దగ్గరికి వస్తుంది. వద్దని చెప్పాలంటే నోరు ఖాళీగా ఉండాలి కదా. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక ఆయా నాకు పన్నెండు నిమిషాల్లో భోజనం పూర్తి చేయించేది. ఆమె తప్పేం లేదు, వార్డులో ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. నేను సగంలోనే చాలనేవాణ్ని. రికార్డులో మాత్రం 'ఆకలి తక్కువ' అని రాశారు.

ఆ రెండు మాటల గురించి నాకు చాలా కోపం ఉంది. ఆకలి లేకపోవడం వేరు, ఆకలి ఉండి కూడా తినే ఓపిక అయిపోవడం వేరు. ఒకదానికి టానిక్ రాస్తారు. రెండోదానికి కావాల్సింది కుర్చీ వేసుకుని కంటి ఎత్తులో కూర్చునే మనిషి, ఇంకో ఇరవై నిమిషాలు.

ఇందులో ప్రమాదం ఎంతో చెప్పే పరిశోధన కూడా ఉంది. ఆహారం గానీ ఉమ్ము గానీ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావడానికి కారణాలేమిటని పెద్దవయసు వాళ్లను చూసిన అధ్యయనం 1998లో వచ్చింది. మింగడంలో ఇబ్బంది ఉండటం కంటే గట్టిగా తేలిన కారణాల్లో ఒకటి, ఇంకొకరు తినిపిస్తేనే తినాల్సి రావడం. మరొకటి, పళ్లు తోమడానికి ఇంకొకరి మీద ఆధారపడటం. పుచ్చిపోయిన పళ్లు ఎన్ని ఉన్నాయన్నది కూడా ఆ జాబితాలో ఉంది. అంటే నోరు శుభ్రంగా లేకపోతే ఆ క్రిములే ఉమ్ముతో పాటు లోపలికి దిగుతాయి. నేనింతవరకు చూసిన ఏ డైట్ చార్టులోనూ పళ్లు తోమించడం గురించి ఒక్క ముక్క లేదు.

పొలమారితే దగ్గు వస్తుంది, కాబట్టి దగ్గు లేకపోతే అంతా బాగున్నట్టే అనుకుంటారు చాలామంది. గొంతులో స్పర్శ తగ్గినవాళ్లకు దగ్గు రాకుండానే నీళ్లు లోపలికి పోతాయి. భోజనం అయ్యాక గొంతు గరగరమనడం, మాట తడిగా వినిపించడం, ఊరికే జ్వరాలు రావడం, బరువు తగ్గడం, ఇవే ఆనవాళ్లు. వీటిలో ఏది చెప్పినా స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి పంపండి. మాట రానివాళ్లను కూడా. స్పీచ్ థెరపీ అంటే మాటలు నేర్పడమే అనుకుని, ఎలాగూ మాట్లాడడు కదా అని పంపని డాక్టర్లు ఉన్నారు. మింగడాన్ని పరీక్షించేది కూడా వాళ్లే.

పిల్లల విషయంలో ఇది ఇంకా కష్టం. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ ప్రాంతంలో నాడీ సంబంధమైన వైకల్యం ఉన్న పిల్లల తిండి మీద జరిగిన అధ్యయనం 2000లో అచ్చయింది. 89 శాతం మందికి తినడానికి సాయం కావాలి. 56 శాతం మందికి పొలమారుతోంది. 28 శాతం మంది విషయంలో తల్లిదండ్రులు తినిపించడానికి చాలాసేపు, అంటే రోజుకు మూడు గంటల దాకా పడుతోందన్నారు. వీటన్నిటి తర్వాత, 64 శాతం మంది పిల్లల తిండిని, పోషణను అసలు ఎవరూ ఎప్పుడూ పరీక్షించనే లేదు. మా గుంపులో ఒక తల్లి ఉంది. కొడుక్కి పదేళ్లు, సెరిబ్రల్ పాల్సీ. ఆవిడకు ఈ అంకెలు చదివి వినిపిస్తే ఆశ్చర్యపోలేదు. "మూడు గంటలేనా?" అంది.

ఆ తల్లికి ఎవరో మెత్తగా చేసి పెట్టమని చెప్పారట. మెత్తగా అంటే ఎంత మెత్తగా? ఎవరి ఇంట్లో మెత్తన వాళ్లది. ఈ గందరగోళం పోవడానికే ఐడీడీఎస్ఐ అని ఒక అంతర్జాతీయ కొలత తయారు చేశారు. సున్నా నుంచి ఏడు దాకా ఎనిమిది స్థాయిలు. సున్నా అంటే మామూలు నీళ్లు, ఏడు అంటే మామూలు భోజనం. మంచి విషయం ఏమిటంటే దీనికి ల్యాబ్ అక్కర్లేదు. పది మిల్లీలీటర్ల సిరంజిలో పానీయం నింపి పది సెకన్లు కారనిచ్చి, ఎంత మిగిలిందో చూస్తే ద్రవం ఏ స్థాయో తెలుస్తుంది. ఐదో స్థాయిలో పెద్దవాళ్లకు ముక్క నాలుగు మిల్లీమీటర్లు మించకూడదు, అది దాదాపు ఫోర్కు పళ్ల మధ్య ఉండే సందు. వంటగదిలో నిలబడి చూసుకోవచ్చు. ఇంత సులువైనదాన్ని మీరు కాగితం మీద ఒక్క అంకెగా రాయొచ్చు. 'మెత్తగా' అని ఎందుకు రాస్తారు?

మెత్తగా చేయడంలో ఇంకో అన్యాయం జరుగుతుంది. పళ్లెంలో ఉన్నవన్నీ ఒకే మిక్సీ జార్‌లో వేసి, జారుగా రావడానికి నీళ్లు పోసి తిప్పేస్తారు. రంగు చచ్చిపోతుంది, ఏది ఏమిటో తెలియదు. గిన్నె నిండా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ పోసిన నీళ్ల వల్ల ముద్దకు దక్కే కేలరీలు, ప్రొటీన్ తగ్గిపోతాయి. అసలే ఎక్కువ ముద్దలు తినలేని పిల్లవాడు నీళ్లతో కడుపు నింపుకుంటాడు. నీళ్లకు బదులు పాలు వాడమని, కొంచెం నూనె గానీ వెన్న గానీ కలపమని, వేటికవే విడివిడిగా మెత్తగా చేసి పళ్లెంలో పక్కపక్కన పెట్టమని చెప్పడానికి మీకు ఒక్క నిమిషం చాలు. పలచటి నీళ్లు పొలమారేవాళ్లకు నీళ్లలో చిక్కబరిచే పొడి కలపమని చెప్పినప్పుడు కూడా ఒక మాట గుర్తుంచుకోండి. ఆ చిక్కటి నీళ్లు దాహం తీర్చవు, చాలామంది తాగడమే తగ్గిస్తారు. వారం తర్వాత ఫోన్ చేసి తాగుతున్నాడా లేదా అడిగే ఏర్పాటు లేనప్పుడు ఆ పొడి రాయడం సగం వైద్యమే.

గొంతు పూర్తిగా సహకరించకపోతే కడుపులోకి నేరుగా ట్యూబు పెట్టే మార్గం ఉంది. ఆపరేషన్ గదిలో పొట్ట కోయకుండా ఎండోస్కోప్, అంటే నోట్లోంచి దింపే కెమెరా గొట్టం, సాయంతో ఈ ట్యూబు పెట్టడం 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మొదలైంది. గాడరర్, పాన్‌స్కీ అనే ఇద్దరు డాక్టర్లు చేశారు, మొదటి పేషెంటు ఒక పసిబిడ్డ. ఆ మాట తల్లిదండ్రులకు చెప్పేటప్పుడు ఇక చేసేదేం లేదన్నట్టు ముఖం పెట్టకండి. చాలా ఇళ్లలో ట్యూబు వచ్చాకే భోజనం వేళ ఏడుపులు ఆగాయి. మింగుడు పరీక్షలో ఇబ్బంది లేదని తేలితే రుచి కోసం నోటికి రెండు చెంచాలు పెట్టే వీలు కూడా ఉంటుంది. అది అడగాలని తల్లికి తోచదు, మీరే చెప్పాలి.

బరువు దగ్గరికి వస్తే, నన్ను ఈ పదకొండేళ్లలో తూచింది రెండుసార్లు. కుర్చీతో పాటు ఎక్కించే తూకం యంత్రం చాలా చోట్ల లేదు. "సుమారు డెబ్బై వేసుకుందామా?" అని నన్నే అడుగుతారు. ఎత్తు కూడా అంతే. నిలబడలేని మనిషి ఎత్తును మోకాలి ఎత్తు నుంచో, ముంజేతి ఎముక పొడవు నుంచో లెక్కగట్టే పద్ధతులు ఎప్పటినుంచో ఉన్నాయి. ఒక టేపు చాలు. అవేమీ లేకుండా ఊహించిన బరువును ఊహించిన ఎత్తు వర్గంతో భాగించి, బీఎంఐ నార్మల్ అని రాస్తారు. కండ కరిగి కొవ్వు చేరిన శరీరంలో ఆ అంకెకు అర్థమే మారిపోతుంది. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో స్థూలకాయాన్ని 30 దగ్గర కాదు, 22 దగ్గరే గుర్తించాలని 2009లో ఒక పరిశోధన సూచించింది. నాది 22 దాటింది. మీ లెక్కలో నేను బాగున్నాను.

కేలరీల సంగతీ అంతే. మెడ కింద చచ్చుబడిన మనిషికి కిలో బరువుకు రోజుకు సుమారు 23 కేలరీలు, చేతులు పనిచేస్తూ కాళ్లు మాత్రమే పనిచేయని మనిషికి సుమారు 28 అని వెన్నుపాము వైద్యంలో వాడే లెక్క. అదే మనిషికి తుంటి మీద పడక పుండు పడిందనుకోండి, పోషణ తగ్గినవాళ్లకు కిలోకు 30 నుంచి 35 కేలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలంటాయి ఆ పుండ్ల మీది మార్గదర్శకాలు. నాకు పుండు పడినప్పుడు నా చేతిలో ఉన్నది బరువు తగ్గించే చార్టు. మూడు నెలలు బుద్ధిగా పాటించాను. పుండు మానలేదు. పుండుకు కట్టు కట్టే నర్సు ఒకరోజు ఆ చార్టు చూసి, "దీన్ని ఎందుకు ఆపలేదు?" అని అడిగింది. ఆపమని ఎవరూ చెప్పలేదు. ఆమే మీకు ఫోన్ చేసింది.

సెరిబ్రల్ పాల్సీలో ఒళ్లు అసంకల్పితంగా కదులుతూనే ఉండేవాళ్లకు దీనికి తారుమారు, తిన్నదంతా ఆ కదలికలకే ఖర్చవుతుంది. ఆ పిల్లల కోసం విడిగా ఎదుగుదల పటాలు 2011లో వచ్చాయి, 25 వేలకు పైగా పిల్లల కొలతలతో. అయితే ఆ పటాలు వాళ్లు ఎలా ఎదిగారో చూపిస్తాయి, ఎలా ఎదగాలో కాదు. 'ఇలాంటి పిల్లలు ఇంతే ఉంటారు' అనడానికి వాటిని వాడకండి.

మందుల గురించి పొడవుగా రాయను, నాకంటే మీకే బాగా తెలుసు. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, ఫినోబార్బిటాల్, కార్బమజెపైన్ ఏళ్ల తరబడి వాడితే విటమిన్ డి తగ్గి ఎముకలు బలహీనపడతాయి. మూర్ఛకే వాడే వాల్‌ప్రోయేట్, ప్రవర్తన సమస్యలకు వాడే రిస్పెరిడోన్ వాడితే చాలామంది బరువు పెరుగుతారు. పార్కిన్సన్స్‌కు వాడే లెవోడోపాతో పాటే ప్రొటీన్ ఎక్కువున్న భోజనం తింటే మందు సరిగ్గా అందదు. ట్యూబు ద్వారా పోసే ఆహారంతో కలిస్తే ఫెనిటోయిన్ సరిగ్గా ఒంటబట్టదు. మందుల చీటీ, డైట్ చార్టు వేర్వేరు గదుల్లో తయారవుతున్నాయి, అంతే నేను చెప్పేది.

ఆటిజం ఉన్న పిల్లల గురించి మాత్రం కొంచెం నిలబడి వినాలి. ఆటిజం ఉన్న పిల్లల్లో తిండి సమస్యలు మిగతా పిల్లల కంటే ఐదు రెట్లు ఎక్కువని, వాళ్ల ఆహారంలో కాల్షియం, ప్రొటీన్ తక్కువగా ఉంటున్నాయని 2013లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి తేల్చారు. మా గుంపులో ఒకావిడ కూతురు నాలుగే పదార్థాలు తినేది. అన్నీ తెల్లవి, అన్నీ కరకరలాడేవి. పళ్లెంలో ఒకటి ఇంకోదాన్ని తాకితే ఆ పూట భోజనం లేదు. ఆవిడకు ప్రతిచోటా దొరికిన సలహా, మొండితనం, రెండు రోజులు మాడిస్తే అదే తింటుందని. మాడ్చారు. మూడో రోజు ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఆ పిల్లకు ఆ మెత్తదనం, ఆ వాసన భరించలేనివి. మీ నోట్లో ఇసుక పోసి, ఆకలేస్తే మింగుతావులే అన్నట్టు ఉంటుంది ఆమెకు. ఇలా నాలుగైదు పదార్థాల మీదే బతికిన పిల్లలకు విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ వచ్చినట్టు వైద్య పత్రికల్లో నమోదైన కేసులు ఉన్నాయి. పూర్వం నెలల తరబడి ఓడల్లో తిరిగిన నావికులకు వచ్చిన జబ్బు! కాళ్లు నొప్పులని, నడవట్లేదని తీసుకొస్తే పరీక్షల మీద పరీక్షలు చేసి చివరికి ఏం తింటుందని అడిగారట కొన్నిచోట్ల.

ఆ అమ్మాయికి ఇప్పుడు పదకొండు పదార్థాలు. రెండేళ్లు పట్టింది. మొదట కొత్త పదార్థం బల్ల మీద ఉండటం వరకే. తర్వాత తన పళ్లెం పక్కన. తర్వాత ముట్టుకోవడం. నాకడానికి ఐదు నెలలు. ఇలాంటి తల్లుల దగ్గరికే గోధుమల్లో ఉండే గ్లూటెన్ మానేయండి, పాలు మానేయండి, ఆటిజం తగ్గుతుందనే వాళ్లు కూడా వస్తారు. ఆటిజాన్ని అది తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. తినే నాలుగింటిలో రెండు తీసేస్తే మిగిలేదేమిటో వాళ్లను అడగాలి. మీరు గట్టిగా చెప్పాల్సిన చోట్ల ఇదొకటి, మెతకగా ఉండకండి.

చూపు లేని మిత్రుడు ఒకతను మా గుంపులో అందరికంటే బాగా వండుతాడు. అతని ఫిర్యాదు చిన్నది. మీరిచ్చే కాగితాన్ని అతని ఫోన్ చదవలేదట, చేత్తో రాసి ఇస్తారు కాబట్టి. మెసేజ్‌లో టైపు చేసి పంపితే చాలంటాడు. పళ్లెంలో ఏది ఎక్కడుందో గడియారం ముల్లులా మూడు దగ్గర, ఆరు దగ్గర అని చెప్తే అతనికి సరిపోతుంది. పార్టీల్లో జనం అతని ప్లేటు వాళ్లే నింపి తెస్తారు. ఏం కావాలో అడగరు.

ఆ అడగకపోవడం సంరక్షణ కేంద్రాల్లో పెద్ద స్థాయిలో జరుగుతుంది. మేధోపరమైన వైకల్యం ఉన్న పెద్దవాళ్లు, నలభై, యాభై ఏళ్లవాళ్లు. చెప్పిన మాట వింటే వాళ్లకు స్వీటు, వినకపోతే లేదు. బరువు పెరిగారని ఒకరోజు అందరికీ ఒకేసారి స్వీట్లు బంద్. వాళ్ల ఆరోగ్యం కోసమే అంటారు. నేను కూడా రాత్రిళ్లు చాక్లెట్ తింటాను, తినకూడదని తెలిసే తింటాను. నా నోట్లో నేనే పెట్టుకోగలను కాబట్టి నన్ను ఎవరూ ఆపలేరు. రిస్క్ తీసుకోవడంలో కూడా మనిషికి ఒక గౌరవం ఉందని అమెరికన్ రచయిత రాబర్ట్ పెర్స్‌కీ 1972లోనే రాశాడు, మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల గురించే. ప్రాడర్ విల్లీ సిండ్రోమ్ లాంటివి వేరు, నేనూ ఒప్పుకుంటాను. 15వ క్రోమోజోమ్‌లోని తేడా వల్ల వాళ్లకు కడుపు నిండినట్టు తెలియదు. అక్కడ వంటగదికి తాళం వేయడం క్రూరత్వం కాదు, చాలాసార్లు ఆ మనిషి టెన్షన్ తగ్గేదే ఆ తాళంతో. ఆ ఒక్కరి కోసం వేసిన తాళం మిగతా ఇరవై మందికి ఎందుకు?

2006 డిసెంబర్ 13న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వైకల్యం ఉన్నవారి హక్కుల ఒప్పందంలో 25వ ఆర్టికల్ ఆరోగ్యం గురించి. అందులో ఒక అంశం, వైకల్యం కారణంగా ఎవరికీ వైద్యం గానీ, ఆహారం గానీ, ద్రవాలు గానీ వివక్షతో నిరాకరించకుండా చూడాలంటుంది. మొదటిసారి చదివినప్పుడు, వైకల్యం ఉందని తిండి, నీళ్లు ఎవరు నిరాకరిస్తారు అనుకున్నాను. తర్వాత పన్నెండు నిమిషాల భోజనం గుర్తొచ్చింది. ప్రపంచంలో వైకల్యం ఉన్నవాళ్లు సుమారు 130 కోట్ల మంది, అంటే 16 శాతం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో చెప్పింది. మాలో కొందరు మిగతావాళ్ల కంటే ఇరవై ఏళ్లు ముందే చనిపోతున్నామని కూడా అందులోనే ఉంది. అందులో తిండి వాటా ఎంతో నేను విడదీసి చెప్పలేను. మీ దగ్గరికి వచ్చే ప్రతి ఆరుగురిలో సుమారు ఒకరం మేమే కావాల్సింది, కానీ మీ గది గుమ్మం దాకా రాగలిగేది ఎందరు?

మేం అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. మీ ఫారం మొదటి పేజీలో నాలుగు ప్రశ్నలు చేర్చండి: ఎవరు తినిపిస్తారు, ఎంతసేపు పడుతుంది, పొలమారుతుందా, టాయిలెట్ ఎలా. జవాబు మా పక్కనున్న మనిషిని కాదు, మమ్మల్ని అడగండి. మాటతో చెప్పలేనివాళ్లు బొమ్మల కార్డుతోనో, కంటి చూపుతోనో చెప్తారు, కొంచెం ఆగండి. కుర్చీతో పాటు తూచే యంత్రం ఒక్కటి కొనమని మీ యాజమాన్యానికి ఉత్తరం రాయండి, మీరు రాస్తే కొంటారు, మేం రాస్తే ఫైల్లో పడుతుంది. డైటీషియన్ చదువులో ఒక్క పూటైనా విద్యార్థులు ఇంకొకరి చేత తినిపించుకుని, ఇంకొకరికి తినిపించి రావాలి. పరీక్ష పెట్టకపోయినా ఫర్వాలేదు.

వచ్చే నెల రెండో వారంలో నాకు మళ్లీ అపాయింట్‌మెంట్ ఉంది, అదే గదిలో, పదకొండున్నరకి. పాత చార్టు తెస్తాను, మూడో సూచన కొట్టేసే ఉంది. ఆ రోజు పొద్దున్న నుంచి నీళ్లు తాగకుండానే వస్తాను. మీ ఆసుపత్రిలో నా కుర్చీ పట్టే టాయిలెట్ ఏ అంతస్తులో ఉందో పోయినసారి ముగ్గుర్ని అడిగినా తెలియలేదు.

ఇట్లు,
మీ పేషెంట్లలో ఒకడు